అడ్డు పలకలు పెట్టిన రోజు

విస్కీ కంపెనీలో పనిచేసి రిటైరయ్యానని చెబితే, జనం ముందు నా ముఖం చూస్తారు. తర్వాత నా బొట్టు చూస్తారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "మరి మీరు తాగేవారా అండీ?" అని అడుగుతారు.

తాగలేదు. వాసన చూశాను, నాలుక మీద వేసుకున్నాను, ఉమ్మేశాను. నా ఉద్యోగమంతా అదే. మా అత్తగారు మాత్రం బతికున్నన్నాళ్ళూ ఊళ్ళో వాళ్ళకి "మా కోడలు షుగర్ ఫ్యాక్టరీలో కెమిస్టు" అనే చెప్పుకున్నారు. అది మరీ అబద్ధమేమీ కాదు. ఉయ్యూరు వైపు చెరకు మడ్డితో స్పిరిట్ తీసే డిస్టిలరీలోనే నేను మొదట కెమిస్టుగా చేరాను. తర్వాత కంపెనీ వాళ్ళు స్పిరిట్ కాచే రాగి స్టిల్లు పెట్టి, బార్లీ తెప్పించి, మాల్ట్ విస్కీ తీయడం మొదలుపెట్టారు. అప్పుడే నన్ను టేస్టింగ్ రూములోకి మార్చారు.

ఈమధ్య ఈ పనిలోకి ఆడపిల్లలు కూడా వస్తున్నారు. ఇద్దరు ముగ్గురు నన్ను వెతుక్కుంటూ వచ్చి అడిగారు కూడా. ఎలా పైకి రావాలో నేను చెప్పలేను. నన్ను నిలువునా నిర్ఘాంతపరిచిన సంగతి ఒకటి ఉంది. అది చెబితే ఈ ఉద్యోగం ఏమిటో దానంతట అదే తెలుస్తుంది.

ఊరి వాసనలు

నాకు పని నేర్పినవారు మా చీఫ్ బ్లెండర్, అంటే ఏ పీపాలు కలపాలో తేల్చే పెద్ద, రంగారావు గారు. స్కాట్లాండులో శిక్షణ పొంది వచ్చిన మనిషి. పల్చటి శరీరం, పొడుగు ముక్కు, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. ఆయన గదిలోకి సెంటు పూసుకుని వస్తే జి.ఎం. గారినైనా బయటికి పంపేసేవారు. పని ఉన్న రోజుల్లో నేను తలకి నూనె రాసుకోలేదు, మల్లెపూలు పెట్టుకోలేదు, పొద్దున్న ఆవకాయ ముట్టలేదు. పెళ్ళయిన కొత్తలో మల్లెపూలు మానడమే కష్టమనిపించింది. ఆవకాయ కంటే కూడా.

మేం తీసే మాల్ట్ ఏ స్థాయిలో ఉందో తెలియాలంటే దాన్ని స్కాచ్ సింగిల్ మాల్ట్‌ల పక్కన పెట్టి పోల్చి చూడాలి. సింగిల్ మాల్ట్ అంటే ఒకే డిస్టిలరీలో, మొలకెత్తిన బార్లీతో మాత్రమే తీసి, చెక్క పీపాల్లో ఏళ్ళ తరబడి ఊరబెట్టింది. నోరు సన్నంగా ఉన్న గ్లాసులో కొద్దిగా పోసి, కొంచెం నీళ్ళు కలిపి, మూత పెట్టి ఉంచుతారు. మూత తీసి వాసన చూడాలి. నీళ్ళు కలపకపోతే స్పిరిట్ ఘాటుకి ముక్కు మొద్దుబారిపోతుంది.

మొదటిసారి నా ముందు రెండు గ్లాసులు పెట్టి, "ఏమనిపిస్తోందో చెప్పమ్మా" అన్నారు. పుస్తకంలో చదివిన ఇంగ్లీషు మాటలు అప్పజెప్పాను. హెదర్ పూలు, పీట్ మట్టి కాల్చిన పొగ.

"హెదర్ పువ్వు ఎప్పుడైనా చూశావా?"

"లేదండీ."

"మరి చూడని పువ్వు వాసన ఎలా చెబుతున్నావు? నీ ముక్కుకి తెలిసిందే చెప్పు."

మళ్ళీ చూశాను. మొదటి గ్లాసు స్కాట్లాండులో స్పే నది లోయలోది. అందులో బెల్లం బట్టీ దగ్గర పాకం ముదురుతున్నప్పటి వాసన, మాగబెట్టిన రసాల గదిలో గడ్డి వాసన. రెండోది ఐలా అనే దీవి నుంచి వచ్చింది. "సార్, తాటి తేగల్ని నిప్పుల మీద కాల్చి, ఆ చేత్తోనే టింక్చర్ సీసా పట్టుకున్నట్టుంది" అన్నాను.

ఆయన కుర్చీలోంచి లేచారు. ఆ గ్లాసు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి చాలాసేపు వాసన చూశారు. "ఇన్నేళ్ళుగా దీనికి తెలుగులో మాట లేదనుకుంటున్నానమ్మా" అన్నారు.

ఆ రోజు నుంచి మా గదిలో మా మాటలే. దనియాలు వేయించినది, తడిసిన గోనెసంచి, బందరు ఎండుచేప, కొత్త పలుపుతాడు. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పేది కూడా ఇదే. అరువు తెచ్చుకున్న మాటతో వాసన చూస్తే, ఆ మాటే వాసనగా అనిపిస్తుంది. ముక్కు పనిచేయదు.

బెంజ్ సర్కిల్ దగ్గర మేడ

రంగారావు గారు ఎలాంటి మనిషో తెలియాలంటే ఇంకో సంగతి చెప్పాలి. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కాంట్రాక్టరు ఉండేవారు. మా కంపెనీ పెద్దలకి స్నేహితుడు. తన ఇంట్లో గోడ పొడవునా స్కాచ్ సీసాలున్నాయనీ, వచ్చి చూడమనీ బలవంతం చేస్తే వెళ్ళాం. ఆయన ఒక్కొక్క సీసా చూపిస్తూ ముందు ధర చెప్పేవారు, తర్వాత పేరు.

రంగారావు గారు నవ్వి, "సీసాలు లోపలికి పంపి, గ్లాసుల్లో పోయించి తెప్పించండి. ఏది ఏదో మాకు చెప్పొద్దు, మీరూ చూడొద్దు" అన్నారు. నాలుగు గ్లాసులు వచ్చాయి. కాంట్రాక్టరు గారు ఒక్కొక్కటీ రుచి చూసి, ఒకదాన్ని ఎత్తి పట్టుకుని, "ఇదండీ రాజా అంటే!" అన్నారు. అది అన్నిటికన్నా చవకది. అన్నిటికన్నా ఖరీదైనదాన్ని "ఇదేదో మందుల షాపు వాసన" అని పక్కకి నెట్టేశారు.

సీసాలు బయటికి తెచ్చి చూపించినప్పుడు ఆయన ముఖంలో రక్తం లేదు. చుట్టూ ఉన్నవాళ్ళకి నవ్వాలో మానాలో తెలియలేదు. రంగారావు గారే లేచి ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "మీ నాలుక నిజం చెప్పిందండీ. మీ కళ్ళే ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పాయి. నచ్చిందే తాగండి" అన్నారు. మనిషిని అవమానించకుండా నిజం చెప్పడం ఆయన దగ్గరే చూశాను.

ఆయనకి ఇంకో అలవాటు ఉండేది. మేం నలుగురం ఒకే బల్ల చుట్టూ కూర్చుని పోల్చేవాళ్ళం. రంగారావు గారు, నేను, ల్యాబ్‌లో సీనియర్ కెమిస్టు కరీముల్లా గారు, ప్రొడక్షన్ నుంచి ఒకాయన. కరీముల్లా గారు చుక్క నోట్లో వేసుకోరు, ముక్కుతోనే చెబుతారు. ఆయన ముక్కుకి ఆ గదిలో అందరూ విలువిచ్చేవారు. ముందు మేం ముగ్గురం చెప్పాలి, రంగారావు గారు చివర్న చెప్పేవారు. "పెద్దవాడు ముందు మాట్లాడితే మిగతావాళ్ళ ముక్కులు మూసుకుపోతాయి" అనేవారు. మంచి పద్ధతి. నేను ఇప్పటికీ మంచిదే అంటాను.

జ్వరం తర్వాత

కరోనా రోజుల్లో అందరికీ వచ్చినట్టే మా గదిలోనూ ఒక్కొక్కరికీ జ్వరం వచ్చింది. నాకు కొన్నాళ్ళు వాసన పోయింది, తిరిగొచ్చింది. ఆ కొన్నాళ్ళూ నేను ఎలా బతికానో చెప్పలేను. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే తడిపిన కాగితం నమిలినట్టుండేది. రంగారావు గారికీ వచ్చింది. ఆయన తిరిగి పనిలోకి వచ్చినప్పుడు, "సార్, ముక్కు ఎలా ఉంది?" అని అడిగాను. "బ్రహ్మాండం" అన్నారు.

పని ఎప్పటిలాగే సాగింది. మేం చెప్పాక చివర్న ఆయన చెప్పేవారు. తప్పు పోయేది కాదు. కొన్నిసార్లు నేను చెప్పకుండా మనసులో అనుకున్నది కూడా ఆయన పైకి చెప్పేవారు. ఎంత గొప్ప మనిషి అనుకునేదాన్ని.

అప్పటికి మా సొంత సింగిల్ మాల్ట్ బయటికి తేవడానికి కంపెనీ సిద్ధమవుతోంది. మన ఎండకి పీపాలోని విస్కీ తొందరగా ముదురుతుంది, తొందరగా ఆవిరి కూడా అయిపోతుంది. ఎంపిక చేసిన పీపాలన్నీ ఒక పెద్ద తొట్టిలో పోసి కలపాలి. అందులో ఒక్క చెడ్డ పీపా పడినా మొత్తం పాడవుతుంది. ఏ పీపా పనికొస్తుందో చివరి మాట రంగారావు గారిది. సీసా అట్టపెట్టె మీద ఆయన ఫొటో కూడా వేయిస్తున్నారు.

అడ్డు పలకలు

అప్పుడు క్వాలిటీ చూడ్డానికి బయటి నుంచి ఒక సలహాదారు వచ్చింది. చిన్న వయసు, చురుకైన పిల్ల. మా గది చూసి తల అడ్డంగా ఊపింది.

"ఒకరి ముఖం ఒకరు చూస్తూ టేస్ట్ చేస్తున్నారేంటండీ? ఇది చెల్లదు."

వారంలో వడ్రంగి వచ్చి బల్లకి చెక్క పలకలు బిగించాడు. ఒక్కొక్కరికీ ఒక్కో అర. పక్కవాళ్ళు కనబడరు. రంగు కూడా తెలియకుండా ముదురు నీలం గ్లాసులు తెప్పించారు. నాకు బడిలో పరీక్ష రాస్తున్నట్టు నవ్వొచ్చింది. రంగారావు గారు నవ్వలేదు. పలకల వంక చూసి, "ఇదంతా అవసరమా?" అన్నారు. ఆయన గొంతు పొడిగా ఉంది. ఎందుకో నాకు అప్పుడు తట్టలేదు.

మొదటి రోజు ఆ అమ్మాయి మా వెనక నిలబడింది. "ఈసారి సీనియర్ గారితో మొదలుపెడదాం. సార్, మొదటి గ్లాసు?"

గ్లాసు మూత రెండుసార్లు తీసి పెట్టిన చప్పుడైంది. తర్వాత పలక అవతల నుంచి ఆయన గొంతు వినిపించింది.

"పండ్ల వాసన. ఆపిల్. చివర్లో తేనె."

నా చేతిలోనూ అదే గ్లాసు. నేను ఊపిరి పీల్చినదాన్ని పీల్చినట్టే ఆగిపోయాను. అది ఐలా మాల్ట్. పొగ. గ్లాసు మూత తీయగానే గదంతా పొగ. జలుబు చేసినవాడికైనా తెలిసిపోయే పొగ. ఆయన పరీక్ష పెడుతున్నారేమో, ఆ పిల్లని ఆటపట్టిస్తున్నారేమో అనుకున్నాను.

"రెండోది, సార్?"

"ఇది మనదే. చక్కగా ముదిరింది. ఈ పీపాని తొట్టిలోకి తీసుకోవచ్చు."

రెండో గ్లాసు నిజంగా మాదే. కానీ అందులో గంధకం కొట్టుకొస్తోంది. పీపాలు శుభ్రం చెయ్యడానికి లోపల గంధకం వత్తులు కాలుస్తారు, ఒక్కోసారి అది చెక్కలో ఉండిపోతుంది. అగ్గిపుల్ల గీసి ముక్కు కింద పెట్టినట్టుంది. నా పక్క అరలో ఏదో గ్లాసు పడి పగిలింది. కరీముల్లా గారి చేతిలోది. ఆయన వంగి ముక్కలు ఏరుతూ, పలక కింది సందులోంచి నా వైపు చూశారు. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. ఇంట్లో ఎవరో పోయారని కబురు విన్న మనిషి చూపు.

మూడో గ్లాసు అడగలేదు ఆ అమ్మాయి. "సార్‌కి ఒంట్లో బాగున్నట్టు లేదు, ఇవాల్టికి ఆపేద్దాం" అంది. రంగారావు గారు ఎవరి వంకా చూడకుండా బయటికి వెళ్ళిపోయారు.

శారద గారు చెప్పింది

సాయంత్రం ఉయ్యూరు నుంచి బస్సెక్కి నేరుగా సూర్యారావుపేటలో వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన ఇంకా ఇంటికి చేరలేదు. ఆయన భార్య శారద గారు తలుపు తీశారు. నన్ను చూడగానే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేనింకా ఏమీ అడగలేదు.

"తెలిసిపోయిందా అమ్మాయ్?" అన్నారు.

"ఏమైందండీ సార్‌కి?"

"మొన్న గుడికెళ్ళి వచ్చేసరికి వీధి గుమ్మం దాకా గ్యాసు వాసన. పాల గిన్నె పొంగి స్టవ్ ఆరిపోయింది. ఇల్లంతా గ్యాసు కమ్మేసింది. ఆయనేమో హాల్లో ఫ్యాను కింద పేపరు చదువుకుంటున్నారు. నన్ను చూసి, ఏంటి శారదా అలా పరిగెడుతున్నావు అన్నారు. వెళ్ళి సిలిండర్ కట్టేసి తలుపులన్నీ తెరిచానమ్మా."

సోఫా అంచు పట్టుకుని కూర్చున్నాను. "ఎప్పట్నించండీ?"

"జ్వరం వచ్చినప్పుడు పోయింది. మళ్ళీ రాలేదు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు."

జ్వరం వచ్చి ఎన్నో నెలలైంది. ఆ నెలలన్నీ ఆయన మా ఎదురుగా కూర్చున్నారు. చివర్న చెప్పారు. తప్పు పోలేదు. ఎలా?

చెప్పుల చప్పుడైంది. రంగారావు గారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. భార్య ముఖం చూశారు, నా ముఖం చూశారు. వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు.

"మిగతావాళ్ళు నోటితో చెప్పేది విని సగం చెప్పేవాణ్ణమ్మా. మిగతా సగం నీ ముఖం చూసి."

"నా ముఖమా?"

"మంచి మాల్ట్ అయితే నీ కనుబొమలు దగ్గరికొస్తాయి. పొగ తగిలితే గడ్డం వెనక్కి లాగుతావు. గంధకమైతే కుడి ముక్కుపుటం ముడుచుకుంటుంది, నీకు తెలియదు. పాత చెక్క వాసన వస్తే మెడ కొంచెం పక్కకి వంచుతావు, ఎవరో పిలిచినట్టు. ఇన్నేళ్ళు ఎదురుగా కూర్చున్నాను. నీ ముఖం నాకు బాగా వచ్చిన పాఠం."

చెయ్యి ముఖం మీదికి పోయింది, కప్పుకుందామన్నట్టు. నాకు తెలియకుండా నా ముఖాన్ని ఒక మనిషి నెలల తరబడి చదువుతున్నాడంటే ఒళ్ళు జలదరించింది. కోపం వచ్చింది. ఆ వెంటనే ఇంకోటి తట్టింది. ఈ నెలల్లో ఏ పీపా ఉంచాలి, ఏది తీసెయ్యాలి అని ఆయన చెప్పిన ప్రతి మాటా నాదే. నా తప్పులు కూడా ఆయన నోటి నుంచి శాసనంలా వచ్చాయి. నేను సందేహించిన చోట ఆయన ఒప్పుకుంటే, "సార్ కూడా అన్నారు కదా" అని ధైర్యం తెచ్చుకున్నాను. ఇద్దరు మనుషులున్నారనుకున్న చోట ఒక్కదాన్నే ఉన్నాను.

"ఆ పలకలు తీయించేయమని చెప్పు వసుంధరా. నువ్వు చెబితే వింటారు. మన మాల్ట్ బయటికొచ్చేదాకా. ఎప్పట్లాగే నా ఎదురుగా కూర్చో. అంతే నేనడిగేది."

ఆయన నన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు.

"కూర్చోలేనండీ."

"విస్కీయే కదమ్మా. ఎవరి ప్రాణం పోతుంది?"

"మీరు రోజూ స్పిరిట్ తొట్ల గదిలోకి వెళ్తారు కదండీ. మూత ఊడి ఆవిరి కమ్మేసి ఉంటే మనమందరం గుమ్మం దగ్గరే ఆగిపోతాం. మీరు ఆగరు. మీరు లోపలికెళ్ళారంటే భయం లేదనుకుని మీ వెనకే పనివాళ్ళు వస్తారు. అక్కడ ఒక్క నిప్పురవ్వ చాలు."

ఈ ఆలోచన ఆయనకి రాలేదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ శారద గారు, "ఆ అమ్మాయి చెప్పింది నిజమేనండీ" అన్నారు.

"వాళ్ళకి నువ్వు చెబుతావా?" అన్నారు రంగారావు గారు చివరికి.

"మీరే చెబితే నాకు చెప్పే పనుండదండీ."

ఫొటోకి ఉన్న ముక్కు

మర్నాడు పొద్దున్నే ఆయన జి.ఎం. గారినీ మమ్మల్నీ టేస్టింగ్ రూములో నిలబెట్టి చెప్పేశారు. తడుముకోలేదు. "జ్వరం తర్వాత నాకు వాసన లేదు. రుచి అంటే నాకిప్పుడు తీపి, చేదు, మంట. అంతే. ఈ నెలల్లో నేను చెప్పినవన్నీ వీళ్ళ మాటలు విని, వసుంధర ముఖం చూసి చెప్పినవి. పీపాలన్నీ మళ్ళీ చూడండి."

జి.ఎం. గారు కోప్పడతారనుకున్నాను. అసలు దిమ్మ తిరిగింది ఆయన మాట విన్నాకే. ఆయన తలుపు మూసి వచ్చి, మెల్లిగా, "ఈ గదిలోంచి బయటికి పోకపోతే చాలండీ సార్. పనంతా మేడమ్ చూస్తారు. మీరు పక్కన కూర్చోండి. పెట్టెల మీద మీ ఫొటో వేసేశాం కదా" అన్నారు. చాలా మామూలుగా అన్నారు. అప్పుడు అర్థమైంది నాకు, ఆయనకి కావలసింది రంగారావు గారి ముక్కు కాదని.

"ఫొటోకి ముక్కుందండీ. నాకు లేదు" అన్నారు రంగారావు గారు. "ఆ పెట్టెలు వద్దు."

పెట్టెలు వెనక్కిపోయాయి. ఆ వాదన కొన్నాళ్ళు నడిచింది, అదంతా ఇక్కడెందుకు? పీపాలన్నీ పలకల వెనక కూర్చుని మొదటి నుంచి చూశాం. గంధకం పట్టినవి తీసేశాం. నేను ఇదివరకు బాగుందని ఊరుకున్నవి రెండు కూడా అందులో ఉన్నాయి. కరీముల్లా గారు పట్టుకున్నారు. ఎవరి బొమ్మా లేకుండా మా మాల్ట్ బయటికెళ్ళింది.

రంగారావు గారు ఉద్యోగం మానేస్తారనుకున్నాం. మానలేదు. స్పిరిట్ గదుల వైపు వెళ్ళకుండా, కొత్తవాళ్ళకి నేర్పే పని అడిగి తీసుకున్నారు. వాసన లేని మనిషి వాసన నేర్పడమేమిటని వెనక నవ్వినవాళ్ళున్నారు. కానీ "ఇంకా చెప్పు, ఎలాంటి పొగ? పచ్చి కట్టెదా, ఎండినదా?" అని ఆయన గుచ్చి గుచ్చి అడిగినట్టు ఎవరూ అడగలేరు. ఆయనకి నిజంగా తెలుసుకోవాలని ఉండేది మరి. డాక్టరు చెప్పాడని రోజూ లవంగం, నిమ్మకాయ, నీలగిరి తైలం వరసగా ముక్కు దగ్గర పెట్టుకునేవారు. ప్రతిసారీ తల అడ్డంగా ఊపి మూతలు పెట్టేసేవారు.

ఆ గ్లాసు

నేను రిటైరయ్యే ముందు ఒక పొద్దుటి పూట, కొత్తవాళ్ళకి చూపించడానికి స్కాట్లాండులో హైలాండ్స్ అనే కొండప్రాంతం నుంచి వచ్చిన పాత సింగిల్ మాల్ట్ ఒకటి తెరిచాం. చాలా ఏళ్ళు పీపాలో ఊరింది. తేనె, పాత చెక్కబీరువా, ఎండబెట్టిన నారింజ తొక్క. అలాంటివి ఉద్యోగంలో కొన్నిసార్లే ఎదురవుతాయి. కరీముల్లా గారు అందరికీ పోస్తూ, మర్యాదకి రంగారావు గారి ముందు కూడా ఒక గ్లాసు పెట్టారు. ఆయన అలవాటుగా ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

కుర్చీ వెనక్కి పడింది. ఆయన లేచి నిలబడి, గ్లాసు దూరంగా పట్టుకుని, "ఛీ ఛీ! ఏం పోశారయ్యా ఇందులో? మురుగు కాలవ!" అని అరిచారు.

మేం బిత్తరపోయాం. కల్తీ సీసా వచ్చిందేమోనని నేను ఆ గ్లాసు లాక్కుని వాసన చూశాను. తేనె, చెక్క, నారింజ. కరీముల్లా గారికి ఇచ్చాను. ఆయన చూసి, "బాగానే ఉందండీ" అన్నారు.

"బాగుండటమేంటయ్యా, కుళ్ళిన కంపు!" అంటూ రంగారావు గారు గ్లాసు మళ్ళీ తీసుకుని వాసన చూశారు. ముఖం వికారంగా మెలితిరిగింది. అలాగే ఆగిపోయారు. నెమ్మదిగా నా వైపు తిరిగారు.

"వసుంధరా... వాసన."

పోయిన వాసన తిరిగొచ్చేటప్పుడు చాలామందికి మొదట వంకరగా వస్తుందని, మంచివి కూడా కంపు కొడతాయని డాక్టరు ఎప్పుడో చెప్పాడట. ఆయన పరుగున వెళ్ళి లవంగాల డబ్బా తెరిచారు. కాలిన రబ్బరు. కాఫీ తెప్పించారు. అదీ మురుగే. సబ్బు ముక్క, నిమ్మకాయ, తన చొక్కా చెయ్యి, ఒక్కొక్కటీ వాసన చూసి "కంపు! ఇదీ కంపే!" అంటూ కళ్ళనీళ్ళు తుడుచుకుంటున్నారు. కొత్త పిల్లలు గోడకి అతుక్కుపోయి చూస్తున్నారు.

జేబులోంచి ఫోన్ తీసి ఇంటికి చేశారు. "శారదా, లోకమంతా కంపు కొడుతోందే!" అని పెద్దగా అరిచారు.

ఫోన్ బల్ల మీద పెట్టేసి, మళ్ళీ ఆ గ్లాసులోకి ముక్కు వంచారు.